ఆకుపచ్చ మూత డబ్బా

ఆ కళ్ళద్దాల షాపులో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నా, అద్దాలమ్మ మొహం ఎలా ఉంటుందో ఏ కస్టమరుకీ తెలియదు. ఆమె ఉండేది వెనక గదిలో. సాన చక్రం మీద లెన్సుల అంచులు అరగదీసి, ఫ్రేముల్లో బిగించి, గోడలోని చిన్న కిటికీలోంచి ముందుకు అందించేది. అవతలివాళ్ళకి రెండు చేతులే కనబడేవి. షాపులోవాళ్ళు సరదాకి పెట్టిన పేరే ఆమెకి స్థిరపడిపోయింది.

ముందు కౌంటరులో ఉండే అమ్మాయి ఉన్నట్టుండి మానేసింది. యజమాని అల్లుడు అప్పుడే వ్యాపారం చేతిలోకి తీసుకున్నాడు. ఆ ఉద్యోగానికి వచ్చినవాళ్ళెవరికీ ఫ్రేము ముక్కు మీద సరిగ్గా కూర్చోబెట్టడం రాకపోవడంతో, అద్దాలమ్మనే ముందుకు రమ్మన్నాడు. జీతం కాస్త పెంచుతానన్నాడు. ఆమె సంబరంగానే ఒప్పుకుంది. మూడో రోజు ఆయన పిలిచి, బల్ల మీద లేని దుమ్ము తుడుస్తూ మాట్లాడాడు.

"మీ పని గురించి నాకేం కంప్లయింటు లేదండీ. కాకపోతే కొత్త కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళకి మొట్టమొదట స్పష్టంగా కనబడేది మీ మొహమే. కొంచెం చూసుకోవాలి."

"ఏం చూసుకోవాలండీ?"

"అదే, మేకప్పూ అదీ. మీకు నేను చెప్పాలా?"

అద్దాలమ్మకి తల కొట్టేసినట్టయింది. రెండో కాన్పు తర్వాత ఆమెకి రెండు బుగ్గల మీదా మంగు వచ్చింది. పన్నెండేళ్ళలో దాన్ని గురించి తలుచుకున్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. వెనక గదిలో అద్దం లేదు. ముందు గదిలో మాత్రం ఎటు తిరిగినా అద్దాలే. గోడలకి నిలువుటద్దాలు, కౌంటరు మీద గుండ్రటి అద్దాలు, ఫ్రేముల అరల మధ్య సన్నటి అద్దాలు. ఆ సాయంత్రం వరకూ ఆ మచ్చలు అన్ని వైపులనుంచీ ఆమెని చూస్తూనే ఉన్నాయి.

పెరిగిన జీతం ఇంకా చేతికి రాలేదు. వచ్చినా అందులో సగం పిల్లల ట్యూషనుకి అప్పటికే రాసిపెట్టినట్టే. అయినా గ్యాసు బండ కోసం దాచిన నోటు పట్టుకుని ఫ్యాన్సీ షాపుకి వెళ్ళింది. సేల్సు అమ్మాయి ఆమె మణికట్టు మీద మూడు రకాల మేకప్పు క్రీము చుక్కలు పెట్టి రుద్దింది. మూడూ ఆమె రంగుకన్నా తెల్లగానే ఉన్నాయి.

"ఇంతకన్నా ముదురు లేదా అమ్మా?"

"ఈ కంపెనీలో రాదాంటీ. అదిగో, ఆ అద్దాల బీరువాలోవాటిల్లో ఉంటుంది." ఆ అమ్మాయి ధర చెప్పింది. అద్దాలమ్మ మళ్ళీ ఆ బీరువా వైపు చూడలేదు.

"మరి నాలాంటి రంగువాళ్ళు ఏం కొంటారు?"

"ఇదే కొంటారు. కొంచెం పల్చగా రాసుకోండి."

షాపులోని తెల్లటి లైట్ల కింద అది ఫరవాలేదనిపించింది. మర్నాడు పొద్దున రాసుకుని బయటికొచ్చేసరికి, వ్యాను తుడుచుకుంటున్న భర్త తలెత్తి చూసి, "గోధుమపిండి డబ్బా గానీ మీద పడిందా?" అన్నాడు. ఆమెకి ఒళ్ళు మండినా, కడుక్కోవడానికి టైము లేక అలాగే వెళ్ళిపోయింది.

పదకొండు గంటలకల్లా చెమట పట్టింది. ఒక ముసలాయనకి కొత్త కళ్ళజోడు పెట్టి, చెవుల వెనక కాడలు సరిచేయడానికి ముందుకి వంగింది. ఆయన కళ్ళు చికిలించి, తరవాత బాగా తెరిచి, జాలిగా అడిగాడు.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా? మొహం అలా బూడిద తేలిపోయింది?"

పక్కన ఫ్రేములు సర్దుతున్న అల్లుడుగారు విన్నాడు. ఏమీ అనలేదు. అననందుకు ఆమెకి ఇంకా చిర్రెత్తుకొచ్చింది. మధ్యాహ్నం బాత్రూములో మొహం కడుక్కుంటే, సగం పోయి సగం మిగిలి, మంగు మచ్చల చుట్టూ ఇంకో మచ్చ తయారైంది.

ఇంటికొచ్చి సంచీ విసిరేసింది. కుట్టుమిషను దగ్గర కూర్చున్న ఆడపడుచు తలెత్తింది. ముప్పై నాలుగేళ్ళొచ్చినా ఆమె ఇంటిల్లిపాదికీ చిట్టే. పెళ్ళి కుదరలేదు, ఆ మాట ఎత్తితే ఊరుకోదు. ఇంట్లోనే బట్టలు కుడుతుంది. దారాలూ బొత్తాలూ కావాలన్నా పొద్దుగూకాకే బయల్దేరుతుంది. మొహం మాత్రం నున్నగా, పాలిపోయినట్టు తెల్లగా ఉంటుంది.

"ఏమైంది వదినా?"

అద్దాలమ్మ జరిగింది చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. చిట్టి లేచి వెళ్ళి, తన పెట్టెలోంచి ఆకుపచ్చ మూత ఉన్న చిన్న డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. దాని మీద కంపెనీ పేరు లేదు, ఒక పువ్వు బొమ్మ ఉంది.

"పైన ఎన్ని పూసినా ఏం లాభం? మచ్చే పోవాలి. రోజూ పడుకునేముందు ఇది రాయి. నెల తిరిగేసరికి చూడు. టీ నీళ్ళ ఖరీదు కూడా కాదు."

చిట్టి చెప్పింది నిజమే అయింది. పది రోజుల్లో మంగు పల్చబడింది. మూడు వారాలకి బుగ్గలు పిల్లల బుగ్గల్లా నునుపుదేరాయి. ఒకావిడ కళ్ళజోడు పెట్టుకుని, "మీరేం రాస్తారండీ?" అని అడిగింది. అల్లుడుగారు వెళ్తూ వెళ్తూ, "గుడ్, చెప్పగానే పట్టించుకున్నారు" అన్నాడు. ఆ మాటకి మురిసిపోయినందుకు తరవాత చాలా రోజులు ఆమె తనని తాను తిట్టుకుంది.

అయిదో వారంలో ఎండలో నడుస్తుంటే మొహం కారం రాసినట్టు మండింది. రెండు రోజులు క్రీము మానేసింది. మూడో రోజుకి బుగ్గలు ఎర్రగా పొంగి, పొట్టు రేగాయి. భయమేసి మళ్ళీ రాసింది. తగ్గింది. మళ్ళీ మానితే ముందుకన్నా ఎక్కువైంది. రాయకపోతే మంట, రాస్తే భయం. చివరికి సగం రోజు సెలవు పెట్టి పెద్దాసుపత్రిలో క్యూ కట్టింది.

చర్మం డాక్టరు నడివయసావిడ. డబ్బా మూత తీసి చూడనైనా చూడలేదు.

"వారానికి పది చూస్తున్నానమ్మా ఇలాంటివి. ఇందులో స్టెరాయిడ్ కలుపుతారు. మొదట్లో మెరుస్తుంది, తరవాత చర్మం పల్చబడిపోతుంది. ఇవాళే ఆపెయ్యండి. తగ్గేముందు ఇంకా పెరుగుతుంది, కంగారుపడి మళ్ళీ రాయకండి. రెండు నెలలు మేకప్పు వద్దు."

"మరి మంగు?"

"అది ఎండకీ వేడికీ పెరుగుతుంది. పూర్తిగా పోతుందని నేను చెప్పను. సాదా సబ్బు, వాసన లేని మాయిశ్చరైజరు, పొద్దున సన్‌స్క్రీను. అంతకుమించి ఏదీ కొనొద్దు."

మందుల షాపులో విచారిస్తే ఆ మూడింట్లోకీ సన్‌స్క్రీనే ఖరీదు. చౌకగా దొరికేవన్నీ ఏమీ చెయ్యనివి, ఏదో ఒకటి చేసేది మాత్రం అందుబాటులో లేదు. చిన్న ట్యూబు కొనుక్కుని ఉసూరుమంటూ బస్సెక్కింది. దారిపొడుగునా చిట్టిని అడగాల్సిన మాటలు కూడబలుక్కుంది.

"తెలిసే ఇచ్చావా?" గుమ్మంలోనే అడిగింది. "నా మొహం చూడు. రేపు షాపుకి ఎలా వెళ్ళమంటావ్? ఊరూ పేరూ లేని డబ్బా తెచ్చి నా చేతిలో పెడతావా?"

చిట్టి మిషను ఆపలేదు. "నాకు పనిచేసింది. అందుకే ఇచ్చాను."

"నీకేం పనిచేసింది? నువ్వెన్నాళ్ళు రాశావ్?"

"రాస్తున్నాను." మిషను ఆగింది. "మూడేళ్ళయింది. ఒక్కపూట మానితే నీకిప్పుడొచ్చినట్టే వస్తుంది. నువ్వు రెండ్రోజులు మానావు కదా, నేనొకసారి వారం మానాను. తలుపేసుకుని పడుకున్నాను, జ్వరమని చెప్పాను. నువ్వే జావ తెచ్చిచ్చావ్."

ఆ వారం అద్దాలమ్మకి బాగా గుర్తుంది. దీపం వెయ్యొద్దంటే తలనొప్పేమో అనుకుంది. ఎండన్నా బయటన్నా ఈ పిల్లకి బద్ధకమని అత్తగారితో కలిసి తనూ ఎన్నిసార్లు అందో.

"మరి తెలిసీ నాకెందుకిచ్చావే?"

"నువ్వు ఏడిచావు కదా. నా దగ్గరున్నది అదొక్కటే." చిట్టి దారం కొరికి తెంపింది. "నీ చర్మం గట్టిదనుకున్నా. నీకు పడుతుందనుకున్నా."

తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ అక్కరకి రాకుండా పోయాయి. ఆ కోపం ఎవరి మీద పెట్టాలో తెలియక, అద్దాలమ్మ వంటింట్లోకెళ్ళి గిన్నెలు దడదడా కడిగింది.

మర్నాడు షాపులో అల్లుడుగారు ఆమెని చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె డాక్టరు చీటీ ముందుపెట్టింది.

"రెండు నెలలు ఏమీ పుయ్యకూడదన్నారండీ."

"రెండు నెలలా? అప్పటిదాకా వెనక గదిలోకి వెళ్ళండి. జీతం కూడా పాతదే ఇస్తాను మరి, పని మారింది కాబట్టి."

"ముందు ఎవరుంటారు?"

"నేను చూసుకుంటాను."

"సరే. చూసుకోండి."

ఆయన రెండు రోజులు చూసుకున్నాడు. మొదటి రోజు ఒక కాడ విరిచాడు. రెండో రోజు ముక్కు నొక్కుకుపోతోందని ముగ్గురు తిరిగొచ్చారు. మూడో రోజు పొద్దున వెనక గదికొచ్చి, మొహానికి మాస్కు పెట్టుకుని ముందుకి రమ్మన్నాడు.

"మాస్కు రాపిడికి పుండవుతుందన్నారండీ. ఇలాగే వస్తాను. పెంచిన జీతం పెంచినట్టే ఉండాలి." ఆమె చక్రం ఆపకుండానే చెప్పింది.

ఆయన మొహం మాడ్చుకుని ఒప్పుకున్నాడు. సన్‌స్క్రీను ఖర్చు షాపే పెట్టుకోవాలని కూడా అడిగింది. దానికి మాత్రం వినబడనట్టు వెళ్ళిపోయాడు.

వారం రోజులు జనం చూసిన చూపులు ఆమె మరిచిపోలేదు. ఒకడు వేరే మనిషిని పిలవమన్నాడు. ఒక టీచరుగారు మాత్రం కళ్ళజోడు పెట్టుకున్నాక చూపు తిప్పుకోకుండా, గొంతు తగ్గించి ఏమైందని అడిగింది. అద్దాలమ్మ దాచకుండా చెప్పింది. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుస్తూ, "మూత ఆకుపచ్చదా?" అంది.

"అవునండీ."

ఆవిడ వెళ్ళేటప్పుడు పెద్దాసుపత్రిలో ఆ డాక్టరు ఏ రోజుల్లో కూర్చుంటుందో బిల్లు వెనక రాయించుకుంది.

చిట్టిని ఆసుపత్రికి బయల్దేరదీయడానికి మూడు వారాలు పట్టింది. పొద్దున క్యూ అంటే పగటి వెలుతురులో నిలబడాలి. ఒకసారి కడుపునొప్పంది, ఒకసారి అర్జెంటు కుట్టుపనంది. చివరికి అద్దాలమ్మ తన చున్నీ ఆమె తలకి చుట్టి, చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. మూడేళ్ళ అలవాటుని ఒక్కసారిగా ఆపకూడదని, ఏడాదైనా పట్టవచ్చని డాక్టరు చెప్పింది. తిరిగొస్తూ బస్సులో చిట్టి కిటికీ వైపు కాకుండా కూర్చుంది.

రెండు నెలలు గడిచాయి. అద్దాలమ్మ ఎరుపు తగ్గింది. మంగు మళ్ళీ మొదట ఎక్కడుందో అక్కడికే వచ్చింది, పైగా కుడి బుగ్గ మీద ఇంకొంచెం జరిగింది. ఇంత డబ్బు, ఇంత మంట, ఇన్ని మాటలు పడి చివరికి మిగిలింది ఒక సబ్బూ రెండు ట్యూబులూ. ఒక్కోరోజు తలుచుకుంటే ఏడుపొచ్చేది, ఒక్కోరోజు పళ్ళు నూరుకునేది. అల్లుడుగారు మేకప్పు ఊసు మళ్ళీ ఎత్తలేదు గానీ, కొత్త అమ్మాయి కావాలని షాపు తలుపుకి కాగితం అంటించాడు. ఇంతవరకూ ఎవరూ కుదరలేదు.

ఇప్పుడు పొద్దున్నే కుళాయి దగ్గర వదినా ఆడపడుచుల మధ్య రోజూ ఒక గొడవ. సన్‌స్క్రీను రెండు వేళ్ళ పొడుగున పిండి రాసుకోవాలని డాక్టరు చెప్పింది. అలా రాస్తే ఇద్దరికి ఒక ట్యూబు పది రోజులు రాదు.

"అదేంటే, సున్నం కొట్టినట్టు అంత పిండేశావ్?"

"నా వేళ్ళు పొడుగు, నేనేం చెయ్యను?"

"అయితే ఒక్క వేలే పెట్టుకో. లేదంటే నీ కుట్టుకూలితో నువ్వు కొనుక్కో."

"కొంటాను. దారాలషాపు పక్కనే మందుల షాపు." చిట్టి ఎర్రబడిన బుగ్గల మీద మెల్లగా అద్దుకుంది. పొట్టు ఇంకా రేగుతూనే ఉంది. "ఎనిమిదింటికి తీస్తారట. అప్పటికి మరీ ఎండెక్కదు కదా?"

"ఎక్కుతుంది," అంది అద్దాలమ్మ, ట్యూబు మూత గట్టిగా బిగిస్తూ. "గొడుగు పట్టుకెళ్ళు."