టకర్ల వీరయోధుడు

పెళ్లయిన కొత్తలో నా మనసంతా వాగు ఒడ్డున ఉన్న ఒక చిన్న రాతి ఇంటి మీదే ఉండేది. కిటికీ తెరిస్తే నీళ్ల చప్పుడు, పెరట్లో నడుమెత్తు పెరిగిన ముళ్ల మొక్కలు. ఆ వంటింట్లో పొద్దున్నే పియర్స్‌కి రొట్టె కాల్చి పెడుతున్నట్టు అప్పుడే ఊహించేసుకున్నాను. ఇల్లు మాత్రం పియర్స్ మేనత్త వినిఫ్రెడ్ టకర్‌ది. ఇంగ్లండులోని మా డెవన్ పల్లెలో ఆవిడ సెలవిస్తే గానీ చర్చి గంట కూడా గట్టిగా మోగదు.

ఆవిడ మమ్మల్ని టీకి పిలిచింది. నేను స్కోన్ అనే చిన్న రొట్టె మీద ముందు జామ్ రాయగానే కెవ్వుమంది. డెవన్‌లో ముందు మీగడ రాస్తారు, పక్క జిల్లా కార్న్‌వాల్‌లో ముందు జామ్; తరాల నాటి తగువది.

"చూడరా పియర్స్, జామ్ ముందు, మీగడ తర్వాత! కార్న్‌వాల్ పిల్లను కట్టుకుంటే ఇంతే మరి."

"కడుపులోకి వెళ్లాక రెండూ కలిసిపోతాయి కదా అత్తయ్యా," అన్నాను.

"టకర్ల ఇంట్లో ఏదీ ఎందులోనూ కలిసిపోదమ్మాయ్. మాది యోధుల వంశం."

ఇక మొదలుపెట్టింది. సముద్రం దాటొచ్చిన రాజు పక్కనే గుర్రమెక్కి వచ్చాడట మొదటి టకర్. రుజువు చర్చి గోడ మీదే ఉంది. టకర్ల పేరున్న రాతి పలక మీద మూడు ముళ్ల గదలు, రెండు కత్తులు చెక్కి ఉంటాయి. ప్రతి ఆదివారం ఆవిడ దాని కిందే కూర్చుంటుంది, ఒంటి మీద ఇనప కవచం ఉన్నట్టు బిర్రబిగుసుకుని.

"నువ్వు చరిత్ర చదివావటగా లెటీ. చర్చి పండగనాడు ఆ రాతి ముందు నిలబడి మా యోధుడి గురించి నాలుగు మాటలు చెప్పు. ఇంటి తాళంచెవి ఆ సాయంత్రమే నీది."

తిరిగి వెళ్తూ ఆ రాయి చూశాను. రెండు కత్తులూ పిడి దగ్గర ఒకే ఇనప వంపుగా కలిసి ఉన్నాయి. అలాంటి కత్తులతో ఏ యోధుడూ యుద్ధం చేయలేడు, గొర్రె బొచ్చు కత్తిరించగలడంతే. ఇక ఆ గదలు! అవి ఆ వాగు ఒడ్డు ఇంటి పెరట్లోనే మొలుస్తున్నాయి.

"అవి గుడ్డ మీద నూగు లేపే ముళ్ల కాయలు. కత్తులు కావవి, ఆ నూగు కత్తిరించే కత్తెర," అని పియర్స్‌కి చెప్పాను. "నేసిన ఊలు గుడ్డను తొట్లో వేసి, పులిసిన ఉచ్చ పోసి, దళసరి అయ్యేదాకా కాళ్లతో తొక్కేవాళ్లు. ఆ పని చేసేవాణ్ణే ఈ వైపు టకర్ అనేవారు."

"అంటే మా తాతముత్తాతలు ఉచ్చలో గంతులేశారా?" వాడి మొహం వెలిగిపోయింది. ఆ నవ్వు కోసమే వాణ్ణి చేసుకున్నాను. తర్వాత మెల్లగా, "ఇల్లు పోతుందేమోనే," అన్నాడు.

"తెలుసు," అన్నాను. నాకు ఏడుపొచ్చింది కూడా.

పండగనాడు వినిఫ్రెడ్ అత్తయ్య ఈకల టోపీ పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. నేను పెరట్లోంచి కోసుకొచ్చిన ముళ్ల కాయను రాతి పక్కన పట్టుకుని ఉన్నదంతా చెప్పాను. ముల్లుకు ముల్లు సరిపోయింది. ఉచ్చ దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి కసాయి కొట్టావిడ, "అందుకేనన్నమాట వినిఫ్రెడ్ ముక్కు ఎప్పుడూ పైకే ఉంటుంది!" అంది. చర్చి చర్చంతా ఘొల్లుమంది.

అత్తయ్య లేచింది. "ఆ మొక్క నా పెరట్లోది. అది దొంగతనం!"

ఆవిడకి తోచిన జవాబు అదొక్కటే. తలలు నరికినవాడి మనవరాలినని పొంగిపోయే మనిషి, ఊరందరికీ చలి ఆపినవాడి మనవరాలివంటే మూర్ఛపోతుంది.

"యోధుడా, తాళంచెవా? ఇప్పుడే తేల్చు పియర్స్," అంది.

"యోధుణ్ణి మీరే ఉంచుకోండత్తయ్యా. పాపం, ఇల్లూ వాకిలీ లేనివాడు. ఆ ఇంట్లోనే పెట్టుకోండి," అన్నాడు పియర్స్.

అలాగే పెట్టుకుంది. ఆ ఇల్లు ఇప్పటికీ ఖాళీయే. గుమ్మం మీద 'యోధ నిలయం' అని పలక వేయించింది, పెరట్లో ముళ్ల మొక్కలన్నీ పీకించింది. మేం చేపలు వేయించే కొట్టు పైన గదిలో ఉంటున్నాం. మా దుప్పట్లకు కూడా చేపల మీద చల్లే పుల్లటి వెనిగర్ వాసనే. పియర్స్ దాన్ని మా వంశగౌరవం అంటాడు. కిటికీలో, పాల కూజాలో, ఆ దొంగిలించిన ముళ్ల కాయ ఉంది. దాంతో నా కోటు మీద నూగు దువ్వుకుంటాను. ఆదివారం ఆ కోటు వేసుకునే వెళ్లి సరిగ్గా అత్తయ్య పక్కనే కూర్చుంటాను.