బలానికో సీసా

పదకొండో అధ్యయనం దగ్గర బురుల్చా కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. ఎంతమందికి సెలైన్ ఎక్కించారు, ఎంతమందికి ఆయాసం పెరిగింది, ఎంతమంది బతికారు. గళ్ల కాగితం మీద రాసుకుంటూ పోతోంది. యాభై ఎనిమిదేళ్ల పొట్టి మనిషి. ఉన్ని కోటు మోచేతుల దగ్గర వేరే రంగు దారంతో కుట్టి ఉంటుంది. కిర్గిజ్ కొండల్లోని మా నరీన్ ఆసుపత్రి మూడో అంతస్తులో ఇరవై రెండేళ్లుగా ఆమె పని ఇదే: ఏయే దేశాల్లోనో జరిగిన పరిశోధనలన్నీ చదివి, తూచి, ఏది పనికొస్తుందో ఏది కాదో మన డాక్టర్లకు ఒక్క పేజీలో చెప్పడం.

ఆ పేజీలు ప్రతి వార్డు గోడకీ ఉంటాయి. గుండె వార్డులోది అన్నిటికన్నా పాతది. గుండె నీరసించి కాళ్లకు నీరు దిగినవాళ్లకు బలానికని సెలైన్ పెట్టొద్దని అందులో ఉంది. బాగుందని అందరూ అన్నారు, పాటించినవాడు లేడు. ఎలా పాటిస్తారు? మావాళ్లకు వసంతంలో పది రోజులు, ఆకు రాలే కాలంలో పది రోజులు సెలైన్ పడకపోతే అసలు వైద్యం జరిగినట్టే కాదు. తల్లికి అది పెట్టించని కొడుకుని ఊరంతా ఆడిపోసుకుంటుంది. కాగితం గోడకి, సెలైన్ మనిషికి అని నర్సులు బురుల్చా ఎదుటే నవ్వుతారు. పాపం, ఆమె కూడా నవ్వేస్తుంది.

ఆ వేళ మధ్యాహ్నం అవుతుండగా అక్క కోడలు గుల్జీనా ఫోన్ చేసింది. అత్తయ్యకి ఈ రోజే సెలైన్ మొదలుపెడుతున్నామని, మంచి సీసాలు బిష్కెక్ నుంచి తెప్పించానని, చుట్టాలొస్తున్నారు మీరూ భోజనానికి రమ్మని. పిల్ల గొంతులో ఒకటే సంబరం. అక్క సైరాకాన్ గుండె పరీక్ష కాగితాలు బురుల్చా పోయిన నెలే చూసింది. ఆ గుండెకి ఒంట్లో ఉన్న నీరు తోడడమే గగనంగా ఉంది. కోటు గుండీలు పెట్టుకోకుండానే వంతెన దాటి పరుగులాంటి నడకతో వెళ్లింది.

సైరాకాన్ మూడు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడదు. నర్సు జిబెక్ బట్టలు తగిలించే కొక్కేనికి సీసా వేలాడదీస్తోంది. మూడేళ్ల కిందట బురుల్చా తరగతిలో మొదటి వరసలో కూర్చుని అన్నీ రాసుకున్న పిల్ల. ఇప్పుడు తలెత్తి చూడలేదు.

"అక్కా, వద్దు. నీ గుండె మోయలేదు. వేలమందిని చూసి తేల్చిన సంగతి ఇది."

"ఆ వేలమందిలో మన నరీన్ వాళ్లెంతమందే?"

బురుల్చాకు అబద్ధం నోట రాలేదు. "ఒక్కరూ లేరక్కా."

సైరాకాన్ కిసుక్కున నవ్వి, ఆ నవ్వుకే ఆయాసపడింది. "మరింకేం? కోడలు నలుగురిలో చేస్తున్న మర్యాద. కాదని దాని మొహం చిన్నబుచ్చమంటావా? ఊరుకోవే."

తల్లి పోయినప్పుడు బురుల్చాకు ఆరేళ్లు. అక్క బడి మానేసి, గొర్రెల వెంట తిరిగి, చెల్లెల్ని చదివించింది. ఆ అక్కకి తనేం చదువు చెబుతుంది? ఆఖరికి జిబెక్ చెయ్యి పట్టుకుని బతిమాలింది. ఒక్క సీసాయే, చుక్క చుక్కగా. జిబెక్ సరేనంది. బురుల్చా కాసేపు చుక్కలు చూస్తూ కూర్చుంది. రెండింటికి ఆసుపత్రిలో మీటింగు. ఉండిపోవాల్సింది. కానీ రెండింటికంటే రెండింటికే హాజరయ్యే మనిషి, లేచి వెళ్లిపోయింది.

తర్వాత జరిగింది ఎవరో ఫోన్లో చెప్పారు. ఇంకో ఇంటికి వెళ్లాలని జిబెక్ వెళ్లిపోయింది. చుట్టాలొచ్చారు. అమ్మ కూడా వాళ్లతో కలిసి తినాలని కొడుకు సెలైన్ త్వరగా అయిపోయేలా గొట్టం మీది చక్రం పూర్తిగా తిప్పేశాడు. మొదటి రోజు కదా, లోటెందుకని రెండో సీసా కూడా తనే తగిలించాడు. నాలుగింటికి ఆవిడకి ఊపిరి అందలేదు. అంబులెన్సు మిట్ట ఎక్కేలోగా అయిపోయింది.

బురుల్చా చేరేసరికి వాకిట్లో మగవాళ్లు శవాన్ని ఉంచడానికి ఉన్ని గుడారం నిలబెడుతున్నారు. లోపల ఆడవాళ్లు గోడకేసి తిరిగి శోకాలు పెడుతున్నారు. గుల్జీనా వచ్చి ఆమె మెడ చుట్టేసుకుంది.

"ముందే మొదలుపెట్టాల్సింది చిన్నత్తయ్యా. ఆలస్యం చేశాను. నా తప్పే."

ఈ పిల్లకి ఏమని చెప్పాలి? చెప్తే బతికినన్నాళ్లూ ఈ పిల్ల నిద్రపోదు. చెప్పకపోతే? "నీ తప్పేం లేదమ్మా," అంది.

ఎనిమిది సీసాలు మిగిలాయని, అత్తయ్య పేరు చెప్పుకుని పక్కింటి ముసలమ్మకి ఇచ్చేస్తానని గుల్జీనా కళ్లు తుడుచుకుంది. ఆవిడకీ కాళ్లు వాచాయట.

"నాకివ్వు," అంది బురుల్చా. "నాకూ ఈ మధ్య నీరసంగా ఉంటోంది."

గుల్జీనా ఏడుపులోనే కాస్త తేరుకుంది. "ఇన్నాళ్లకి దారికొచ్చారు. రేపే పెట్టించుకోండి." సీసాలన్నీ సంచిలో సర్ది, మూతి ముడేసి చేతికిచ్చింది.

సంచి బరువుకి ఒక పక్కకి ఒరిగి బురుల్చా గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. చుట్టాల బూట్ల మధ్య అక్క రబ్బరు చెప్పుల జత ఉంది, వాచిన పాదాలు పట్టడానికని మడమల దగ్గర కత్తితో చీల్చి.