ఒక్కసారి కూడా వద్దనలేదు

హాలు చిన్నది. అన్నీ కొండలెక్కేవాళ్ళ ఫొటోలే గానీ, వెతికినా ఒక్క కొండ కనపడదు. గోడ పట్టనంత మొహాలు, కమిలిన బుగ్గలు, పగిలిన పెదాలు. జనం ఒకరినొకరు రాసుకుంటూ నడుస్తున్నారు.

టైలరమ్మ తన భర్త ఫొటో ముందు ఆగింది. ఆయనకు కాళ్ళు నేల మీద నిలవవు. వెటకారం కాదు, ఉన్న మాటే. కిందటేడు రెండు కాలివేళ్ళు మంచుకిచ్చి వచ్చాడు. జతగాడు అసలు రానేలేదు. ఆ జతగాడు పక్క ఫొటోలో నవ్వుతున్నాడు. అయినా ఈయన వచ్చే వారం మళ్ళీ బయల్దేరుతున్నాడు.

ఈసారి వద్దని చెప్పెయ్యాలని ఆవిడ నిశ్చయించుకుంది. బయల్దేరే మనిషికి అడ్డు చెబితే అరిష్టమని ఇన్నేళ్ళూ ఆ మాటను పంటి బిగువున ఆపుకుంది. ఇవాళ ఇంటికి వెళ్ళగానే చెబుదామనుకుంది.

ఫొటో కింద పెద్ద అక్షరాలున్నాయి. "ఈయన బలం ఈయన భార్య. ఒక్కసారి కూడా వద్దనలేదు."

ఆవిడ ఆ అక్షరాల్ని మళ్ళీ మొదట్నించీ చదివింది.

"చూశావా, నేనే చెప్పి రాయించా," అన్నాడు పక్కకొచ్చి నిలబడ్డ భర్త, మురిసిపోతూ.

"నన్నొక మాట అడగొచ్చుగా?"

"నిన్ను అడిగేదేముందే? నాకు తెలీదా నీ సంగతి?"

ఎవరో పెద్దావిడ వచ్చి టైలరమ్మ చేతులు పట్టుకుంది. "భార్యంటే నీలా ఉండాలమ్మా. మా కోడలైతే మావాణ్ణి గుమ్మం దాటనివ్వదు."

ముక్కూ మొహం తెలియని ఆ కోడలి మీద టైలరమ్మకు ఎక్కడలేని ఈర్ష్య పుట్టింది.

ఇంతలో ఫొటోగ్రాఫర్ కెమెరా తెచ్చాడు. "ఇద్దరూ దీని పక్కన నిలబడండి, ఒకటి తీస్తా."

భర్త ఆవిడ భుజం మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కున్నాడు. ఇటు ఆయన, అటు గోడ మీద మళ్ళీ ఆయనే. ముందు జనం. ఆవిడకు ఊపిరాడలేదు. ఇంటిదాకా ఆగడం ఇక తన వల్ల కాదనిపించింది. భర్త కళ్ళలోకి చూసింది.

"వద్దండీ," అంది, గట్టిగానే. "ఈసారికి వద్దు."

ఫొటోగ్రాఫర్ కెమెరా దించాడు. భర్త పకపకా నవ్వాడు.

"మా ఆవిడకు సిగ్గెక్కువ. మీరు తియ్యండి, ఏమీ అనుకోదు."

అందరూ నవ్వారు. ఇన్నేళ్ళకు నోరు పెగల్చుకుని అన్న మాట కాస్తా సిగ్గు కింద జమైపోయింది.

"కొంచెం నవ్వండమ్మా," అన్నాడు ఫొటోగ్రాఫర్.

ఆవిడ నవ్వింది.