ఏడింటికల్లా తెర

నాకు నగరమంటే పంచప్రాణాలు. ముప్పై ఏళ్లుగా ఇక్కడే కళ్లజోళ్ల దుకాణం నడుపుతున్నాను. మెట్లు దిగితే బస్సు, మలుపు తిరిగితే కాఫీ. మా ఆవిడకేమో పల్లె పిచ్చి. గంట ప్రయాణమేగా అంటూ వేసవికి అక్కడొక చిన్న ఇల్లు అద్దెకు తీసుకుంది. గాలి బాగుంటుంది, కాదనను. చిక్కంతా మనుషులతోనే వచ్చింది.

అక్కడ పొద్దున ఏడింటికల్లా ప్రతి ఇంటి వీధి కిటికీకీ తెర తీసి ఉండాలి. లేకపోతే పక్కింటివాళ్లు వచ్చి తలుపు తడతారు. మేం దిగిన మూడో రోజు ఆదివారం. ఎనిమిదైనా ఇద్దరం లేవలేదు. పక్కింట్లో కోళ్లు పెంచే ఆవిడ వచ్చి తలుపు బాదింది.

"బాగానే ఉన్నారా అన్నయ్యా?"

"నిద్రపోవాలన్నా మీకు చెప్పే పడుకోవాలా?" అని ఒంటికాలి మీద లేచాను. "ఇంకోసారి మా గుమ్మం తొక్కకండి."

ఆవిడ వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. మా ఆవిడ ఆ రోజంతా నా మీద రుసరుసలాడింది.

గురువారం తను లేవకముందే తొలి బస్సెక్కి దుకాణానికి వచ్చేశాను. ఏడున్నరకు ఫోన్ మోగింది. కోళ్లావిడ.

"వదిన వంటగదిలో పడిపోయింది అన్నయ్యా. మూతి వంకరపోయింది, మాట రావట్లేదు. మా ఆయన గుడ్ల వ్యాన్లో పెద్దాసుపత్రికి తీసుకొస్తున్నాడు. గేటు దగ్గరుండండి."

ఇంకో గంట ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేదన్నారు డాక్టరు. కనిపెట్టినవాళ్లు అక్కడ, బతికించినవాళ్లు ఇక్కడ. వీళ్లలో ఎవరు లేకపోయినా నా కొంప మునిగేది. ఆ మాట ఇప్పటికీ రోజూ అనుకుంటాను.

మా ఆవిడకు మాట తిరిగొచ్చాక పల్లెకు వెళ్లాను. కోళ్లావిడ ముందు తలెత్తలేకపోయాను.

"అన్ని మాటలన్నాను కదా చెల్లెమ్మా, మళ్లీ మా గుమ్మం ఎలా తొక్కావు?"

ఆవిడ కోడిగుడ్లు తుడుస్తూనే ఉంది. "మీరు కసిరింది నన్ను. తెర తియ్యనిది వదిన."

మందుల కోసం ప్రస్తుతానికి నగరంలోనే ఉంటున్నాం. ఏడింటికల్లా తెర తీస్తాను. ఇక్కడ చూసేవాళ్లెవరూ లేరు. అందుకని నేనే చూస్తున్నాను. నిన్న ఎదురింటి రెండో అంతస్తులో, ఒంటరిగా ఉండే పెద్దాయన కిటికీ తెర ఎనిమిదైనా తెరుచుకోలేదు. రోడ్డు దాటి, మెట్లెక్కి బెల్లు కొట్టాను.

ఆయన నిద్రకళ్లతో తలుపు తీసి చెడామడా తిట్టాడు. నేనన్న మాటలే, ఇంకాస్త ఘాటుగా. చేతులు కట్టుకుని అన్నీ విన్నాను. మనిషి బాగున్నాడు, అది చాలు.

"రేపూ తెర తియ్యకపోతే మళ్లీ వస్తానండీ" అని చెప్పి మెట్లు దిగాను.