మాస్టారు చెప్పిన నది

మా పెదనాన్నతో వాదించడం కంటే గోడకు తల బాదుకోవడం నయం. ఆయన స్కూల్లో చరిత్ర, భూగోళం చెప్పి రిటైరయ్యాడు. మా వీధిలో నడివయసు వాళ్లంతా ఆయన చేత చెవి మెలిపెట్టించుకున్నవాళ్లే. కొండలకూ నదికీ మధ్య ఇరుక్కున్న సన్నని జిల్లా మాది. పాత కోర్టునూ పడవల బజారునూ నది ఎప్పుడో మింగేసింది. ఆ సంగతులన్నీ ఆయన నాలుక మీదే ఉంటాయి. అందుకే వరదొస్తే జనం రేడియో పెట్టరు, మా గుమ్మం ముందుకొచ్చి నిలబడతారు.

ఆ పొద్దున మైకు కట్టిన జీపొకటి ఇళ్లు ఖాళీ చేయండని గొంతు చించుకుని పోయింది. అందరూ మా ఇంటికొచ్చారు. మా ఊళ్లో పెద్ద వరద వచ్చినప్పుడల్లా నీళ్లు ఎంతవరకు ఎక్కాయో మా ఇంటి గోడ మీద ఉలితో గీత చెక్కుతారు. పెదనాన్న అన్నిటికంటే పై గీత చూపించాడు. అది ఆయన మోకాలి ఎత్తున ఉంది.

"మా తాత కాలం నుంచీ దీన్ని దాటలేదు. సామాన్లు మంచాల మీద పెట్టుకోండి, చాలు."

"రేవు మెట్లు సగం ఇసుకలో పూడిపోయాయి కదా పెదనాన్నా! నది అడుగు పైకొచ్చాక నీళ్లు ఇంకెక్కడికి పోతాయి?" అన్నాను.

"నాకే పాఠం చెప్పొచ్చావా?"

"ఈవిడకి మీరెన్ని మార్కులేశారు మాస్టారూ?" అన్నాడు కిరాణా కొట్టాయన. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

దర్జీ ఒక్కడే నవ్వలేదు. వాళ్లమ్మ మంచం దిగలేని మనిషి. "అమ్మను మోసుకుపోవాలంటే ఇప్పుడే పోవాలి. ఉండమంటారా మాస్టారూ?"

"ఉండరా. ముసలావిణ్ణి వానలో తిప్పి చంపుతావా?"

ఉండిపోయాడు. వీధంతా ఉండిపోయింది.

మధ్యాహ్నం అన్నాలు తింటుండగా నీళ్లొచ్చాయి. చూస్తుండగానే కిటికీల దాకా ఎక్కాయి. పెదనాన్నను నానా తంటాలు పడి డాబా మీదికి నెట్టాను. ఎదురింట్లో దర్జీ పిల్లల్ని పైకెక్కించి అమ్మ కోసం కిందికి దిగాడు. కాసేపటికి ఒక్కడే పైకొచ్చాడు. అతను అరిచిన అరుపు నేను చచ్చేదాకా మరచిపోలేను.

పడవల్లో తీసుకెళ్లి మమ్మల్ని ఒక గోదాములో ఉంచారు. పెదనాన్న గోడ వైపు తిరిగి పడుకుని అన్నం ముట్టలేదు. కడిగిపారేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆయన్ని చూసి, అన్నం పళ్లెం దగ్గరికి జరిపి వచ్చేశాను. కోపమూ తగ్గలేదు, జాలీ ఆగలేదు.

తల్లి శవం దొరికి, ఖననం చేసి, దర్జీ మా దగ్గరికొచ్చాడు. కళ్లు వాచిపోయి ఉన్నాయి. పెదనాన్న లేచి నిలబడ్డాడు. ఆయన్ని కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను.

దర్జీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నీళ్లు తీశాయంటున్నారు మాస్టారూ. పిల్లల్ని ఇంటికి తీసుకెళ్లమంటారా, ఇంకా ఇక్కడే ఉండమంటారా?"

దర్జీ ఎదురుచూస్తూ అలాగే నిలబడ్డాడు.