ప్లాస్టరు కింద ఏ కోత?

మా ఆయన క్లిఫర్డ్‌కి మూత్రాశయంలో కాన్సర్ అని తేలిన రోజు ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "దాన్ని తీసేస్తే మరి నీళ్ళెక్కడికి పోతాయి?" అని. పొట్ట పక్కన చిన్న రంధ్రం చేసి, దానికి సంచి తగిలిస్తామని సర్జన్ మిస్ థాక్రే చెప్పింది. క్లిఫర్డ్ కోటు అందుకుని లేచాడు.

"సంచి తగిలించుకుని తిరగడానికి నేనేమన్నా పోస్ట్‌మన్‌నా? నాకే ఆపరేషనూ వద్దు!"

ఆపరేషన్ లేకపోతే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. నేను ఆయన కోటు పట్టుకుని ఆపాను.

అప్పుడావిడ ఇంకో మాట చెప్పింది. పొట్ట కోసి చేసే పద్ధతి ఒకటుంది, చిన్న రంధ్రాల్లోంచి రోబో చేతులతో చేసేది ఇంకొకటి; సంచి మాత్రం రెండింటికీ తప్పదు. ఏది మేలో తేల్చడానికి రెండింటినీ పోల్చి చూసే పరిశోధన జరుగుతోందట, అందులో మీరూ చేరతారా అని అడిగింది.

"రెంట్లో ఏది మంచిది?" అన్నాడు క్లిఫర్డ్.

"నాకు తెలీదండీ. తెలిస్తే ఈ పోలికెందుకు?"

క్లిఫర్డ్ మళ్ళీ కూర్చున్నాడు. షెఫీల్డ్ స్టీలు మిల్లులో మిషన్లు విప్పి బిగించే ఫిట్టరుగా బతుకంతా చేసిన మనిషి. తెలీదని ఒప్పుకునే పెద్దమనిషి ఆయనకి అప్పటిదాకా తగల్లేదు. "ఆ రోబో చేతికి మణికట్టుందా? ఎవరు తిప్పుతారు?" అని మొదలుపెట్టాడు. గదిలో ఓ మూల కూర్చుని, తెర చూసుకుంటూ ఆవిడే తిప్పుతుందట. "చేత్తో తడమకుండా ఎట్లా తెలుస్తుందమ్మా?" అంటే, "లోపలంతా కళ్ళకి పెద్దదిగా కనిపిస్తుందండీ" అంది. ప్రాణం మీదికి వస్తే ఈయనకి మిషన్ల గోల! నాకు ఒళ్ళు మండింది.

ఎవరికి ఏ పద్ధతో కంప్యూటరు చీటీ తీస్తుందట.

"లాటరీనా! మా ఆయన పొట్టతోనా?" అని లేచాను.

"కూర్చోవే ఈనిడ్. మనుషులు ఎంచుకుంటే లెక్క వంకర పోదూ?" అంటూ సంతకం పెట్టేశాడు. ఎట్లాగైతేనేం ఒప్పుకున్నాడు, అదే చాలనుకున్నాను.

ఆపరేషన్ అయిపోయింది. ఏ పద్ధతిలో చేసినా, ఆ వార్డులో అందరికీ కోతల్ని కప్పేస్తూ ఒకే రకం పెద్ద ప్లాస్టరు వేస్తారు. ఏది జరిగిందో రోగికీ తెలియకూడదు, నొప్పి ఎంతుందని అడిగే నర్సుకీ తెలియకూడదు. తెలిస్తే నొప్పి కూడా పక్షపాతం చూపిస్తుందట. ఇక మా ఆయనకి అదే ధ్యాస. "దగ్గితే బొడ్డు దాకా లాగుతోందే. నన్ను కోసేశారు" అనేవాడు. ఆపరేషన్ అంతసేపు సాగింది కాబట్టి రోబోయేనని నా వాదన. ఓడినవాళ్ళు వారం రోజులు గిన్నెలు తోమాలని పందెం కూడా వేసుకున్నాం.

కోత గురించి ఇన్ని మాటలు, సంచి గురించి మాత్రం ఒక్కటీ లేదు. నర్సు మార్లీన్ దాన్ని ఖాళీ చేయడానికి వస్తే కళ్ళు గట్టిగా మూసుకునేవాడు. "మార్చుకోవడం నేర్చుకోందే ఇంటికి పంపలేనమ్మా. ఈయన చూడనే చూడడే!" అని మార్లీన్ నా దగ్గర మొత్తుకుంది. ఇంటికొచ్చి మాత్రం ఈ మనిషి ఎట్లా బతుకుతాడని నాకు బెంగ పట్టుకుంది.

ప్లాస్టరు తీసే రోజు వచ్చింది. మార్లీన్, నేను, సంచి వైపు చూడకుండా ఆయన, ముగ్గురం పొట్ట మీదికి వంగాం. అక్కడక్కడా చిన్న గాట్లు, వాటి మధ్య బొడ్డు దగ్గర రెండు మూడు అంగుళాల కోత ఒకటి.

"చూశావా కోత! గిన్నెలు నీవే!" అని అరిచాడు క్లిఫర్డ్.

"ఆగండాగండి," అంది మార్లీన్, "తీసిన మూత్రాశయం బయటికెట్లా వస్తుందనుకున్నారు? దానికే ఆ కోత. మీకు చేసింది రోబోనే."

విడదీసిన భాగాన్ని బయటికి తేవడానికి దారి కావాలని మర్చిపోయిన ఫిట్టరు! నేను పడీ పడీ నవ్వాను. ఆయన నవ్వలేదు. రెండు చేతులతో సంచిని కప్పేసుకున్నాడు.

"నువ్వు కాసేపు బయటికి వెళ్ళవే."

"ఎందుకు?"

"దీన్ని చూశాక నువ్వు నన్ను మునుపటిలా చూడవు."

ఇదా ఇన్నాళ్ళూ ఆయన్ని తిన్నది! "ఏడిశావులే, చెయ్యి తియ్" అని నేనే తీశాను. మార్లీన్ సంచి మెల్లగా ఊడదీసింది; దాని కింద, రంధ్రంలోంచి పేగు కొస చిన్న మొగ్గలా బయటికొచ్చి ఉంది. భయపడతాననుకున్నాను గానీ, భయం రాలేదు.

"ఓరి నీ! చెర్రీ పండులా ఉందయ్యా. ఎర్రగా, తడిగా... ఇదిగో, చుక్క వచ్చింది! ఆగింది. మళ్ళీ వచ్చింది! దానంతటదే!"

"ఆగాగి వస్తోందా?" ఆయన కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నాడు.

"నీకెందుకు? నేను చూస్తున్నాగా."

"కొంచెం జరగవే. నీ తల అడ్డం."

క్లిఫర్డ్ మోచేతి మీద లేచి, మొదటిసారి చూశాడు. చాలాసేపు చూశాడు. "దీనికి వాల్వు పెట్టలేదేంటి వీళ్ళు?" అని గొణుక్కుంటూ మార్లీన్ చేతిలోని కొత్త సంచి అందుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడుపు తర్వాత ఏడుద్దువు గానీ," అన్నాడు, "ఈ రంధ్రం కొలతకి సంచికున్న అంటించే అట్ట కత్తిరించాలట. కత్తెర ఇటివ్వు."