ఆ నవల చివరి పేజీ

పదకొండో ముద్రణకు వచ్చిన ఆ నవలను జనం చివరి పేజీ కోసమే కొంటారు. ఒక ఇల్లాలు మొగుడికి రాసిన ఉత్తరం అది. చదివి ఏడవనివాళ్లు లేరట. నేను ఏడవలేదు. ప్రూఫు దిద్దింది నేను, రాసింది మా ఆవిడ.

ఇంట్లో నేను చూసేవి ప్రూఫు కాగితాలే. అందుకే చెప్పాల్సింది ఒక పాత ప్రూఫు వెనక రాసి, నేను దిద్దుతున్న ఆ నవల ప్రూఫుల కట్టలోనే పెట్టింది. అక్క దగ్గరికి వెళ్తున్నానని, వచ్చి పిలిస్తే వస్తానని. పైన పేరు లేదు, కింద సంతకం లేదు. ఆ నవల రచయితకు విడి కాగితాల మీద చేర్పులు పంపే జబ్బుంది. ఇదీ ఆయనదే అనుకున్నాను. ప్రూఫు చూసేవాడు అర్థం వెంట పడితే తప్పులు జారిపోతాయి. అక్షరం అక్షరం చూసి, నాలుగు కామాలు పెట్టి, ‘చివర చేర్చాలి’ అని రాసి పంపేశాను. పన్నెండేళ్ల కాపురంలో ఆవిడ చేతిరాత గుర్తుండేంతగా ఏనాడూ చూడలేదు.

అలిగి వెళ్లింది, తనే వస్తుందిలే అనుకుని రెండేళ్లు గడిపాను. రచయితేమో తేలు కుట్టిన దొంగలా నోరు మెదపకుండా సన్మానాలు చేయించుకున్నాడు.

మొన్న ప్రెస్సులో బైండరు ఆ పేజీ పైకి చదివి కళ్లు తుడుచుకున్నాడు. "మీ బల్ల కాలి కింద అట్టముక్క పెట్టాను, ఇక ఊగదు" అని ఉంది అందులో. ఇంటికొచ్చి బల్ల కిందకు వంగి చూశాను. అట్టముక్క ఉంది. అలాగే నేలమీద కూర్చుండిపోయాను. ఏడుపు వస్తే బాగుండుననిపించింది, రాలేదు.

పిలుచుకొద్దామనే వాళ్లక్క ఇంటికి వెళ్లాను. వదినగారు తలుపు తీసి, "ఇన్నాళ్లకు తీరికైందా మరిదిగారూ?" అని లోపలికి వెళ్లిపోయారు. మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది.

"అది నాకు రాసిందని తెలీలేదు," అన్నాను.

"పుస్తకంలో చూశాను. కామాలు పెట్టారుగా, చదివారనే అనుకున్నా."

"దిద్దానంతే. మొన్ననే చదివాను."

"చదివాక ఏమనిపించింది?"

ఎంత వెతుక్కున్నా లోపల ఏమీ కదల్లేదు, మొద్దుబారిపోయింది. ఇంటికి రా అనడానికి వెళ్లినవాణ్ని, ఆ రెండు మాటలే నోటికి రాలేదు.

"బాగా రాశావు," అన్నాను.



"అందరూ అదే అంటున్నారండీ," అని తలుపు వేసేసింది.